కలిపి కట్టిన కోడ్‌కు లైసెన్స్ ఏది? ఓపెన్ సోర్స్ డిపెండెన్సీల సమస్యపై సమీక్ష

నేడు తయారై బయటికి వచ్చే సాఫ్ట్‌వేర్‌లో, దానిని తయారుచేసిన సంస్థ స్వయంగా రాసుకున్న కోడ్ కన్నా, ఇతరులు రాసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయగా తెచ్చి చేర్చుకున్న కోడ్ ఎక్కువగా ఉండటం సర్వసాధారణం. ఒక ప్రోగ్రాం పనిచేయడానికి ఆధారపడే ఇటువంటి బయటి భాగాన్ని డిపెండెన్సీ అంటారు. ప్రతి డిపెండెన్సీకీ దాని కర్త ఎంచుకున్న లైసెన్స్ ఉంటుంది, ఆ లైసెన్స్‌లో కొన్ని అనుమతులూ వాటికి కొన్ని షరతులూ ఉంటాయి. వేర్వేరు కర్తలు వేర్వేరు షరతులతో ఇచ్చిన ఈ భాగాలన్నీ ఒకే కట్టగా మారి వినియోగదారుడి చేతికి చేరినప్పుడు, ఆ కట్ట మొత్తానికి వర్తించే షరతులేమిటి, ఏ షరతు ఏ షరతుతో పొసగదు, వాటిని నెరవేర్చవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు తలెత్తుతాయి.

ఈ ప్రశ్నలకు సంస్థల్లో సాధారణంగా దొరికే జవాబు ఒక పట్టిక రూపంలో ఉంటుంది. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ అయితే వాడవచ్చు, ఎల్‌జీపీఎల్ అయితే అడిగి వాడాలి, జీపీఎల్ అయితే వాడరాదు అని అందులో రాసి ఉంటుంది. ఈ పట్టిక తప్పని చెప్పలేము గాని, లైసెన్స్ పేరును బట్టి మాత్రమే తీర్పు చెబుతుంది కనుక అది సగం ప్రశ్నకే జవాబు. ఒకే లైబ్రరీ ఒక విధంగా కలిపితే ఒక షరతును, మరో విధంగా కలిపితే మరో షరతును తెచ్చిపెడుతుంది; ఎవరికీ ఇవ్వకుండా సంస్థలోనే వాడుకుంటే చాలా సందర్భాల్లో ఏ షరతూ మేల్కొనదు. కనుక లైసెన్స్ లెక్క వేయవలసినది సోర్స్ కోడ్ ఉన్న రిపాజిటరీకన్నా ముందుగా, బిల్డ్ పూర్తయి బయటికి వెళ్లే వస్తువుకు అన్న దృష్టితో ఈ సమీక్ష సాగుతుంది.

చట్టపరమైన పునాది కాపీరైట్. కర్త అనుమతి లేనిదే ఒక రచనను నకలు తీయడానికి గాని, మార్చడానికి గాని, పంచడానికి గాని ఇతరులకు హక్కు లేదు. భారతదేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనల కోవలో చేర్చి ఈ రక్షణ కల్పిస్తున్నది. దీని నుంచి రెండు ఫలితాలు వస్తాయి. లైసెన్స్ పత్రం జతచేయకుండా అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టిన కోడ్ ఎవరైనా వాడుకోదగిన ఉచిత వస్తువు కాదు, ఏ అనుమతీ ఇవ్వని కోడ్ అనే దానికి అర్థం. రెండవది, లైసెన్స్ షరతును మీరినవాడు కేవలం మాట తప్పినవాడు కాదు. అనుమతి లేకుండా నకలు చేసినవాడి స్థానంలోకి వెళతాడు.

షరతుల బరువును బట్టి లైసెన్సులను ఒక వరుసలో నిలపవచ్చు. ఒక చివర పర్మిసివ్ లైసెన్సులుంటాయి. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు ముఖ్యంగా కోరేది కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ పాఠాన్నీ ప్రతులతో పాటు ఉంచమని. 2004లో వచ్చిన అపాచీ 2.0 దీనికి తోడు పేటెంట్ అనుమతిని స్పష్టంగా ఇచ్చి, మార్చిన ఫైళ్లను మార్చినట్టు గుర్తించాలని, నోటీస్ ఫైల్ ఉంటే అందులోని ప్రకటనలను కొనసాగించాలని అడుగుతుంది. మరో చివర కాపీలెఫ్ట్ లైసెన్సులుంటాయి. ఇచ్చిన స్వేచ్ఛను తరువాతివారికీ అదే విధంగా అందించాలన్న షరతునే కాపీలెఫ్ట్ అంటారు. రిచర్డ్ స్టాల్‌మన్ నడిపిన గ్నూ ప్రాజెక్టు నుంచి 1989లో పుట్టి, 1991లో రెండవ వెర్షన్‌గా, 2007లో మూడవ వెర్షన్‌గా వచ్చిన జీపీఎల్ దీనికి ప్రధాన రూపం. తనతో కలిసి ఏర్పడిన రచన మొత్తాన్నీ జీపీఎల్ కిందనే ఇవ్వాలని, సోర్స్ కోడ్ అందించాలని అది కోరుతుంది. ఈ రెండింటి నడుమ, షరతును ఫైల్ స్థాయికి పరిమితం చేసే ఎంపీఎల్, లైబ్రరీ స్థాయికి పరిమితం చేసే ఎల్‌జీపీఎల్ ఉన్నాయి.

అసలు చిక్కంతా కలిసి ఏర్పడిన రచన ఏది అన్నచోట ఉంది. జీపీఎల్ రెండవ వెర్షన్ పాఠాన్ని జాగ్రత్తగా చదివితే రెండు గీతలు కనిపిస్తాయి. ఒకే డిస్క్ మీద లేదా ఒకే పంపిణీ మాధ్యమంలో రెండు ప్రోగ్రాంలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని లైసెన్స్ రెండవదానికి పాకదని ఒక గీత చెబుతుంది. దానంతట అది స్వతంత్రమైన భాగమే అయినా, జీపీఎల్ కోడ్ మీద ఆధారపడిన ఒక సమగ్ర రచనలో అంశంగా పంచితే ఆ సమగ్ర రచన మొత్తం జీపీఎల్ కిందికి రావాలని మరో గీత చెబుతుంది. ఈ రెండు గీతల నడుమ ఉన్న ప్రాంతంలోనే నేటి సాఫ్ట్‌వేర్‌లో అత్యధిక భాగం నివసిస్తున్నది.

ఆ ప్రాంతానికి సాంకేతిక సరిహద్దుగా చాలాకాలంగా లింకింగ్‌ను చెప్పుకుంటున్నారు. లైబ్రరీ కోడ్‌ను బిల్డ్ సమయంలోనే ప్రోగ్రాం ఫైల్‌లోకి నకలు చేసి కలిపేస్తే స్టాటిక్ లింకింగ్, లైబ్రరీని వేరే ఫైల్‌గా ఉంచి ప్రోగ్రాం నడిచేటప్పుడు జతకూర్చితే డైనమిక్ లింకింగ్ అంటారు. స్టాటిక్ అయితే జీపీఎల్ పాకుతుంది, డైనమిక్ అయితే పాకదు అన్న సూత్రం ఇంజనీర్ల నోట తరచు వినిపిస్తుంది గాని, జీపీఎల్ పాఠంలో అటువంటి విభజన లేదు. జీపీఎల్‌ను ప్రచురించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయంలో రెండు పద్ధతులూ ఒకే రచనను ఏర్పరుస్తాయి. వేరే ప్రాసెస్‌గా నడిపి, పైపుల ద్వారానో కమాండ్ లైన్ ద్వారానో మాట్లాడుకుంటేనే సాధారణంగా అవి రెండు ప్రోగ్రాంలవుతాయి. ఈ అభిప్రాయానికి బలం చాటిన తొలి ఉదంతాల్లో ఒకటి లిస్ప్ భాషకు చెందిన క్లిస్ప్ అనే ప్రోగ్రాం కథ. కమాండ్ లైన్‌లో అక్షరాలు దిద్దుకునే సౌకర్యమిచ్చే గ్నూ రీడ్‌లైన్ లైబ్రరీ పూర్తిగా జీపీఎల్ కింద ఉన్నందున, దానితో కలిపి పంచిన క్లిస్ప్‌ను దాని కర్తలు చివరకు జీపీఎల్ కిందికి మార్చారు.

అయితే ఇది ఒక సంస్థ వ్యాఖ్యానమే గాని న్యాయస్థానాలు స్థిరపరచిన సూత్రం కాదు. లైనక్స్ కెర్నెల్‌తో పాటు ఉండే లైసెన్స్ ఫైల్‌లో, సిస్టమ్ కాల్స్ ద్వారా కెర్నెల్ సేవలు వాడుకునే సాధారణ ప్రోగ్రాంలు కెర్నెల్ నుంచి ఉత్పన్నమైన రచనలు కావని లైనస్ టోర్వాల్డ్స్ ఆదిలోనే రాసి పెట్టాడు. ఆ ఒక్క వివరణ లేకపోతే లైనక్స్ మీద నడిచే వ్యాపార సాఫ్ట్‌వేర్ అంతా నిత్యం సందేహంలో ఉండేది. కెర్నెల్‌లోకి ఎక్కించే మాడ్యూళ్ల విషయంలో మాత్రం అటువంటి స్పష్టత లేదు. సన్ సంస్థ సీడీడీఎల్ అనే వేరొక కాపీలెఫ్ట్ లైసెన్స్ కింద విడుదల చేసిన జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌ను 2016లో ఉబుంటు 16.04తో కలిపి ఇవ్వడానికి కనానికల్ సంస్థ సిద్ధపడినప్పుడు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అండగా నిలిచే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థ అది జీపీఎల్ ఉల్లంఘన అన్నది, కనానికల్ కాదన్నది. రెండు పక్షాలకూ సమర్థులైన న్యాయవాదులుండగా, ఉబుంటు ఆ భాగాన్ని అందిస్తూనే వచ్చింది. కెర్నెల్ కర్తల్లో ఒకరైన క్రిస్టోఫ్ హెల్‌విగ్ వీఎమ్‌వేర్ మీద జర్మనీలోని హాంబర్గ్‌లో వేసిన దావాలోనైనా ఈ ప్రశ్నకు జవాబు వస్తుందని పలువురు ఆశించారు. కోడ్‌లో ఏ పంక్తులు తనవో ఆయన తగినంతగా నిరూపించలేదన్న కారణంతో 2016లో ఆ దావా కొట్టివేయబడింది, 2019లో అప్పీలు కూడా వీగిపోయింది. అసలు ప్రశ్న జోలికి తీర్పు వెళ్లనే లేదు. ఇటువంటి స్థితిలో, లింకింగ్ పద్ధతి మార్చి జీపీఎల్ నుంచి తప్పించుకోవచ్చునన్న ధీమాతో ఉత్పత్తిని నిర్మించడం అవివేకమనే చెప్పాలి.

ఎల్‌జీపీఎల్ దగ్గరికి వచ్చేసరికి లింకింగ్‌కు నిజంగానే విలువ ఉంది. ఈ లైసెన్స్ ఉన్న లైబ్రరీని యాజమాన్య ప్రోగ్రాం వాడుకోవచ్చు. కాని వినియోగదారుడు ఆ లైబ్రరీని మార్చి, మార్చిన ప్రతితో ప్రోగ్రాంను మళ్లీ నడిపించుకోగలగాలి. డైనమిక్ లింకింగ్‌లో లైబ్రరీ వేరే ఫైల్‌గా ఉంటుంది కనుక ఆ ఫైల్‌ను మార్చి పెట్టుకుంటే సరిపోతుంది. స్టాటిక్‌గా కలిపితే, తిరిగి లింక్ చేసుకోవడానికి వీలుగా ప్రోగ్రాం ఆబ్జెక్ట్ ఫైళ్లనైనా ఇవ్వవలసి వస్తుంది. దీనికి తోడు, వినియోగదారుడు తన అవసరానికి చేసుకునే మార్పులనూ, వాటిలోని దోషాలు వెదకడానికి చేసే రివర్స్ ఇంజనీరింగ్‌నూ ఉత్పత్తి ఒప్పందం నిషేధించరాదని ఎల్‌జీపీఎల్ 2.1 చెబుతుంది. రివర్స్ ఇంజనీరింగ్ నిషేధం దాదాపు ప్రతి వ్యాపార ఒప్పందంలోనూ అచ్చుపోసినట్టు కనిపించే వాక్యం. ఇంజనీర్లు లింకింగ్‌ను సరిచూసుకుని ఊరుకుంటారు, ఒప్పందం రాసే విభాగం ఆ లైబ్రరీ పేరే వినదు. ఉల్లంఘన ఈ రెండు గదుల మధ్య నిలబడుతుంది.

లైసెన్స్ లెక్క బిల్డ్‌కు సంబంధించినదన్న మాటకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. వీడియో, ఆడియోలను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ఈ లైబ్రరీ అసంఖ్యాకమైన యాప్‌లలో దాగి ఉంది. మామూలుగా బిల్డ్ చేస్తే ఇది ఎల్‌జీపీఎల్ 2.1 లేదా తరువాతి వెర్షన్ కింద వస్తుంది. హెచ్.264 వీడియో తయారుచేసే ఎక్స్264 లైబ్రరీ జీపీఎల్ కింద ఉంది కనుక, దాన్ని చేర్చుకోవాలంటే బిల్డ్ సెట్టింగుల్లో జీపీఎల్‌ను అనుమతించే ఐచ్ఛికాన్ని తెరవాలి. అది తెరిచిన క్షణం నుంచి ఫలితంగా వచ్చే లైబ్రరీ మొత్తం జీపీఎల్ అవుతుంది. అపాచీ 2.0 కింద ఉన్న కొన్ని ఆడియో లైబ్రరీలను చేర్చాలంటే లైసెన్స్‌ను మూడవ వెర్షన్‌కు పెంచే మరో ఐచ్ఛికాన్ని తెరవాలి. ఇక ఎఫ్‌డీకే ఏఏసీ అనే ఆడియో లైబ్రరీని జీపీఎల్ భాగాలతో కలిపి బిల్డ్ చేస్తే, వాటి షరతులు పరస్పరం పొసగవు కనుక వచ్చిన ఫలితాన్ని ఎవరికీ పంచే వీలే ఉండదు. సొంత యంత్రంలో వాడుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

అంటే ఒకే సోర్స్ కోడ్ నుంచి నాలుగు రకాల చట్టస్థితులు గల నాలుగు ఫలితాలు వస్తున్నాయి. రిపాజిటరీలోని లైసెన్స్ ఫైల్ చదివి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎల్‌జీపీఎల్ అని పట్టికలో రాసుకున్న సంస్థ, ఎవరో బిల్డ్ చేసి పెట్టిన ప్రతిని దింపుకుని యాప్‌లో చేర్చితే, ఆ ప్రతిలో ఏ ఐచ్ఛికాలు తెరిచి ఉన్నాయో దానికి తెలియదు. ఈ ప్రాజెక్టు కర్తలు ముందుచూపుతో తమ ప్రోగ్రాం చేతనే దాని లైసెన్స్‌ను చెప్పించే కమాండ్‌ను ఏర్పాటు చేశారు. ఈ మర్యాద అన్ని లైబ్రరీలకూ ఉంటే బాగుండేది.

నేరుగా చేర్చుకున్న డిపెండెన్సీ వెనుక దాని డిపెండెన్సీలు, వాటి వెనుక మరికొన్ని వరుసగా వస్తాయి. రూబీ ఆన్ రెయిల్స్ ప్రపంచంలో 2021 మార్చిలో జరిగిన ఉదంతం ఈ వరుస ఎంత లోతుగా ఉంటుందో చూపింది. ఒక ఫైల్ ఏ రకానికి చెందినదో గుర్తించే మైమ్‌మ్యాజిక్ అనే చిన్న లైబ్రరీ ఎంఐటీ లైసెన్స్‌తో ప్రచారంలో ఉండేది. అందులోని సమాచారపు పట్టిక మాత్రం ఫ్రీడెస్క్‌టాప్ ప్రాజెక్టుకు చెందిన, జీపీఎల్ కింద ఉన్న ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్ నుంచి తయారైనది. ఈ విషయం ఆ ఫైల్ నిర్వాహకుల దృష్టికి వచ్చి వారు తెలియజేయగానే, మైమ్‌మ్యాజిక్ నిర్వాహకుడు పాత వెర్షన్లను ప్యాకేజీల నిల్వ నుంచి ఉపసంహరించి కొత్త వెర్షన్‌ను జీపీఎల్ కింద విడుదల చేశాడు. రెయిల్స్ ఆ లైబ్రరీ మీద మరో లైబ్రరీ ద్వారా ఆధారపడి ఉన్నందున, దాని పేరు కూడా ఎరుగని సంస్థల్లో బిల్డ్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొద్దిరోజుల్లోనే రెయిల్స్ బృందం ఆ సమాచారాన్ని అపాచీ టీకా ప్రాజెక్టు నుంచి తెచ్చుకుని కొత్త వెర్షన్లు విడుదల చేసింది. ఈ ఉదంతంలో ఎవరి దురుద్దేశమూ లేదు. తనది కాని భాగానికి తన లైసెన్స్ పేరు అంటించే అధికారం ఎవరికీ ఉండదు కనుక, ప్యాకేజీ మీద ప్రకటించిన లైసెన్స్ ఒక సమాచారమే గాని రుజువు కాదు.

పైకి తేలికగా కనిపించే పర్మిసివ్ షరతులే ఆచరణలో ఎక్కువగా భంగపడుతున్నాయి. బ్రౌజర్ కోసం రాసిన జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో వందలాది చిన్న ప్యాకేజీలను బండ్లర్ అనే సాధనం ఒకటి రెండు ఫైళ్లుగా నలిపి కుదిస్తుంది. వెబ్‌ప్యాక్ వంటి సాధనాలు ప్రత్యేక గుర్తు ఉన్న వ్యాఖ్యలను వేరు చేసి ఒక లైసెన్స్ ఫైల్‌లో పెడతాయి. అయితే చాలా ప్యాకేజీలు లైసెన్స్ పాఠాన్ని కోడ్‌లోని వ్యాఖ్యగా కాక పక్కన వేరే ఫైల్‌గా ఉంచుతాయి. అవి ఈ కుదింపులో జారిపోతాయి. జావాలో అన్ని లైబ్రరీలనూ ఒకే జార్ ఫైల్‌గా కలిపినప్పుడు, ప్రతి లైబ్రరీలోనూ ఒకే పేరుతో ఉన్న లైసెన్స్, నోటీస్ ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడి చివరకు ఒకటే మిగలవచ్చు. వాటిని చేర్చి కలిపే ఏర్పాటు సాధనంలోనే ఉన్నా, దానిని కోరి అమర్చాలి. జీపీఎల్ పేరు చెబితే ఉలిక్కిపడే సంస్థలే ఎంఐటీ కోరిన చిన్న పాఠాన్ని పంపకుండా ఉత్పత్తులు విడుదల చేస్తున్నాయి; చట్టం దృష్టిలో రెండూ ఉల్లంఘనలే.

డాకర్ కంటైనర్లు ఈ లెక్కను ఇంకా విస్తరింపజేశాయి. కంటైనర్ ఇమేజ్‌లో సంస్థ రాసిన ప్రోగ్రాంతో పాటు ఆధారపు ఆపరేటింగ్ సిస్టమ్ పొర కూడా ఉంటుంది. డెబియన్ పొరలో జీపీఎల్ మూడవ వెర్షన్ కింద ఉన్న బాష్, ఎల్‌జీపీఎల్ కింద ఉన్న గ్నూ సీ లైబ్రరీ ఉంటాయి. చిన్నదని చాలామంది ఎంచుకునే ఆల్పైన్ పొరలో బిజీబాక్స్ ఉంటుంది. అమెరికాలో జీపీఎల్ ఉల్లంఘన మీద వచ్చిన తొలి దావా, 2007లో మాన్‌సూన్ మల్టీమీడియా అనే సంస్థ మీద బిజీబాక్స్ కర్తలు వేసినది, ఈ ప్రోగ్రాం గురించే. ఈ ప్రోగ్రాంలు పక్కపక్కన ఉన్నవే కనుక సంస్థ సొంత కోడ్‌కు వాటి షరతు పాకదన్నది సమంజసమైన అభిప్రాయం. అయినా ఇమేజ్‌ను క్లయింట్‌కు ఇచ్చిన సంస్థ బాష్‌కు, బిజీబాక్స్‌కు కూడా పంపిణీదారు అవుతుంది, వాటి సోర్స్ కోడ్ అందించే బాధ్యత దానిమీద పడుతుంది.

తెలుగు యాప్‌లలో చేరే అక్షరరూపాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఈ లైసెన్స్ ఫాంట్‌ను ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా కలిపి అమ్ముకోనిస్తుంది గాని ఫాంట్‌ను ఒంటరిగా అమ్మనివ్వదు. దానితో తయారైన పత్రానికి గాని, పుస్తకానికి గాని ఏ షరతూ పెట్టదు. ఫాంట్ ఫైల్‌తో పాటు దాని కాపీరైట్ ప్రకటన, లైసెన్స్ పాఠం ఉండాలన్న చిన్న షరతు మాత్రం యాప్‌లకు వర్తిస్తుంది.

రెండు లైసెన్సులు విడివిడిగా ఎంత మంచివైనా ఒకే రచనలో ఇమడలేకపోవచ్చు. దీనిని పొత్తు కుదరకపోవడం అనవచ్చు. జీపీఎల్ తాను పెట్టిన షరతులకు మించి కొత్త ఆంక్షలు చేర్చరాదంటుంది. అపాచీ 2.0లో పేటెంట్ దావా వేసినవారికి పేటెంట్ అనుమతి రద్దవుతుందన్న నియమం ఉంది. దీన్ని అదనపు ఆంక్షగా భావించి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ జీపీఎల్ రెండవ వెర్షన్‌తో అపాచీ పొసగదని, మూడవ వెర్షన్‌తో పొసగుతుందని చెప్పింది. ఆ పొత్తు కూడా ఒకే దిశలో నడుస్తుంది: అపాచీ కోడ్ జీపీఎల్ మూడవ వెర్షన్ రచనలో చేరవచ్చు గాని జీపీఎల్ కోడ్ అపాచీ రచనలో చేరి దాన్ని అపాచీగానే ఉంచలేదు. రెండవ వెర్షన్ లేదా తరువాతిది అని కర్త రాసి ఉంటే గ్రహీత మూడవ వెర్షన్‌ను ఎంచుకుని బయటపడవచ్చు. ఆ చిన్న పదబంధం లేక రెండవ వెర్షన్‌కే కట్టుబడిన కోడ్ ఉంటే దారి మూసుకుపోతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ 2021లో 3.0 వెర్షన్‌తో పాత లైసెన్స్ విడిచి అపాచీ 2.0కు మారినప్పుడు కొన్ని ప్రాజెక్టులకు పాత చిక్కు తీరింది, మరికొన్నిటికి కొత్త చిక్కు వచ్చింది.

యాప్ స్టోర్ నియమాలతో వచ్చిన గొడవ కూడా ఈ కోవలోదే. జీపీఎల్ కింద ఉన్న వీఎల్‌సీ ప్లేయర్‌ను యాపిల్ 2011 జనవరిలో తన స్టోర్ నుంచి తీసివేసింది. స్టోర్ పెట్టే వినియోగ ఆంక్షలు జీపీఎల్‌తో పొసగవని ఆ ప్రోగ్రాం కర్తల్లో ఒకరు అభ్యంతరం చెప్పడమే కారణం. అనేకమంది కర్తల సమ్మతితో లైసెన్స్ మార్చుకున్న తరువాత, 2013లో అది తిరిగి వచ్చింది.

జీపీఎల్ బాధ్యతలు ప్రతిని ఇతరులకు ఇచ్చినప్పుడే మొదలవుతాయి. సర్వర్‌లో నడిపి, ఇంటర్నెట్ ద్వారా సేవ మాత్రమే అందిస్తే ప్రతి చేతులు మారదు. ఈ ఖాళీని పూరించడానికి 2007లో వచ్చిన ఏజీపీఎల్ మూడవ వెర్షన్, కోడ్‌ను మార్చి నెట్‌వర్క్ ద్వారా ఇతరులతో వాడించేవారు ఆ వాడకందారులకు మార్చిన సోర్స్‌ను అందుబాటులో ఉంచాలంటుంది. మార్చకుండా నడిపేవారికి ఈ ప్రత్యేక నియమం వర్తించదన్న సంగతిని చాలా నిషేధపు జాబితాలు పట్టించుకోవు. హైదరాబాద్‌లోని సేవా సంస్థలకు ఇక్కడ వేరొక ప్రశ్న ఎదురవుతుంది. క్లయింట్ కోసం రాసిన ప్రోగ్రాంను అప్పగించడం పంపిణీయేనా? సంస్థ తన ప్రోగ్రాంలో జీపీఎల్ కోడ్ చేర్చి క్లయింట్‌కు అప్పగిస్తే అది పంపిణీయే. అయితే సోర్స్ కోడ్‌ను కూడా ఆ క్లయింట్‌కే చేర్చి ఇస్తే బాధ్యత తీరుతుంది, లోకమంతటికీ ప్రకటించనక్కరలేదు. క్లయింటే తన జీపీఎల్ కోడ్‌ను ఇచ్చి తన కోసమే మార్పించుకునే సందర్భాన్ని మూడవ వెర్షన్ ప్రత్యేకంగా గుర్తించి మినహాయింపు ఇచ్చింది. ఇబ్బంది వచ్చేది, అప్పగించే సాఫ్ట్‌వేర్ మీద సర్వహక్కులూ క్లయింట్‌కే చెందుతాయని ఒప్పందంలో రాసి సంతకం చేసినప్పుడు. డిపెండెన్సీల మీద తనకు లేని హక్కును సంస్థ రాసిచ్చినట్టవుతుంది.

షరతు మీరితే ఏమవుతుంది? జీపీఎల్ కోడ్ కలిసినంత మాత్రాన సంస్థ సొంత కోడ్ దానంతట అదే జీపీఎల్ అయిపోతుందన్న భయం నిరాధారం. జరిగేది కాపీరైట్ ఉల్లంఘన. దానికి పరిష్కారం ఆ భాగాన్ని తొలగించడమో, షరతు ప్రకారం సోర్స్ విడుదల చేయడమో, నష్టపరిహారం చెల్లించడమో. అమెరికాలో 2008 నాటి జేకబ్‌సన్ వర్సెస్ కాట్జర్ తీర్పు, బొమ్మ రైళ్లను నడిపే సాఫ్ట్‌వేర్ వివాదంలో, ఓపెన్ సోర్స్ షరతులను కాపీరైట్ ద్వారా అమలు చేయించుకోవచ్చునని స్థిరపరచింది. జర్మనీలో లైనక్స్ కెర్నెల్ కర్తల్లో ఒకరైన హెరాల్డ్ వెల్టే 2004 నుంచి రౌటర్ తయారీదారుల మీద వేసిన జీపీఎల్ దావాల్లో వరుసగా విజయాలు సాధించాడు. ఫ్రాన్స్‌లో ఆంత్రూవేర్ అనే చిన్న సంస్థకు చెందిన లాస్సో లైబ్రరీని ఆరెంజ్ సంస్థ ప్రభుత్వ పోర్టల్ పనిలో జీపీఎల్ షరతులు పాటించకుండా వాడినందుకు, దశాబ్దానికి పైగా సాగిన వ్యాజ్యం తరువాత 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టు మొత్తం మీద 8 లక్షల యూరోల పరిహారం విధించింది. కర్త కాని కొనుగోలుదారు కూడా ఒప్పంద లబ్ధిదారుగా సోర్స్ కోడ్ అడగవచ్చునంటూ సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ టీవీల తయారీదారు విజియో మీద కాలిఫోర్నియాలో 2021లో వేసిన దావా వీటన్నిటికన్నా దూరం వెళ్లే ప్రయత్నం.

లెక్క వేయడానికి సాధనాలకు కొదవ లేదు. స్కాన్‌కోడ్, ఫాసాలజీ వంటివి ఫైళ్లను చదివి లైసెన్స్ పాఠాలను గుర్తిస్తాయి. లైసెన్సులకు ప్రామాణికమైన పొట్టి పేర్లనిచ్చే ఎస్‌పీడీఎక్స్ విధానం 2021లో ఐఎస్ఓ ప్రమాణమైంది. కర్త ప్రకటించిన లైసెన్స్‌నూ, పరిశీలించినవారు తేల్చిన లైసెన్స్‌నూ అందులో వేర్వేరు గడుల్లో రాస్తారు. మైమ్‌మ్యాజిక్ వంటి సందర్భాల్లో ఈ రెండు గడులూ ఒకటి కావు. సాఫ్ట్‌వేర్‌లోని భాగాలన్నిటినీ జాబితాగా రాసే పత్రాన్ని ఎస్‌బామ్ అంటున్నారు. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లో దీనిపై మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రధానోద్దేశం భద్రతే అయినా, ఆ జాబితాలో లైసెన్స్ గడి కూడా ఉంటుంది కనుక ఒకే శ్రమతో రెండు పనులూ జరుగుతాయి. జాబితాను బిల్డ్ అయిన వస్తువు నుంచి తీయాలి. డిపెండెన్సీల ప్రకటన ఫైల్ నుంచి మాత్రమే తీస్తే, నకలు చేసి అతికించిన కోడ్ గాని, కంటైనర్ పొరలు గాని అందులో కనిపించవు. టెరాఫామ్ 2023లోనూ, రెడిస్ 2024లోనూ లైసెన్స్ మార్చినట్టు మధ్యలో మార్పులు రావచ్చు కనుక, ఆ జాబితాలో వెర్షన్ సంఖ్య లేకపోతే లైసెన్స్ పేరుకు అర్థం లేదు. మార్పు కొత్త వెర్షన్లకే వర్తిస్తుంది, పాత వెర్షన్‌కు ఇచ్చిన అనుమతి నిలిచే ఉంటుంది.

భారతీయ చట్టంలో ఈ చర్చకు ప్రత్యేకమైన ఒక మెలిక ఉంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అది ఐదేళ్లని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితమని భావించాలి. ఈ సెక్షన్ తగిన మార్పులతో లైసెన్సులకూ వర్తిస్తుందని 30ఏ సెక్షన్ చెబుతుంది. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు కాలాన్ని గాని, దేశాన్ని గాని ఎక్కడా ప్రస్తావించవు. అపాచీ 2.0 శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా అని స్పష్టంగా రాసింది. జీపీఎల్ మూడవ వెర్షన్ కాపీరైట్ ఉన్నంత కాలం అన్నది. తగిన మార్పులతో అన్న మాటలో వ్యాఖ్యానానికి చోటుంది కనుక, ఎంఐటీ కింద తెచ్చుకున్న కోడ్ అనుమతి భారతదేశంలో ఐదేళ్లకు ముగుస్తుందని తీర్మానించడం తొందరపాటవుతుంది. అయినా రస్ట్ భాషలోని అనేక ప్యాకేజీల వలె ఎంఐటీ గాని అపాచీ 2.0 గాని అని కర్త రెండు దారులు తెరిచి ఉంచినచోట, జీపీఎల్ రెండవ వెర్షన్‌కే కట్టుబడిన కోడ్ అదే కట్టలో లేనంతవరకు, భారతదేశం నుంచి ఉత్పత్తులు పంపే సంస్థ అపాచీని ఎంచుకుని ఆ ఎంపికను జాబితాలో రాసి ఉంచుకోవడమే మేలు.